అన్యాయమును చూచి పాడవచ్చునా?

చదువవలసిన భాగములు: ఆదికాండము 4:8–10, కీర్తన 137, రోమా 12:17–21.



మన పల్లెల బిడ్డలు అనేకులు మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచున్నారు. అక్కడి సభలలో డప్పు మీద పాడు పాటలు విని, “ఇట్టివి విశ్వాసులు పాడవచ్చునా?” అని మమ్మును అడుగుచున్నారు. దీనిని వాక్యపు వెలుగులో చూతము.

ఆ పాటలు ఊరక పుట్టలేదు. 1985 జూలై 17న కారంచేడులో దళితులు చంపబడగా గద్దరు వారినిగూర్చి పాట కట్టెను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులైరి. 2007లో శిక్షపడినవారిని 2014లో హైకోర్టు విడిచిపెట్టెను. 2016 జనవరి 17న, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయములో వేముల రోహిత్ అను పరిశోధక విద్యార్థి ఆత్మహత్య చేసికొనెను. వసతిగృహమునుండి పంపివేయబడిన అయిదుగురిలో అతడొకడు. వారు వేసికొన్న గుడారమునకు ‘వెలివాడ’ అని పేరు పెట్టిరి. మన పెద్దలెరిగిన ఆ మాట అద్దాల మేడల చెంత మరల వినబడెను.

1. దేవుడు మొర వినును. హేబెలు రక్తము నేలనుండి మొరపెట్టినప్పుడు దేవుడు దానిని అల్లరి అనలేదు, కయీనునే ప్రశ్నించెను. కాబట్టి చంపబడినవానిని తలంచి పాడుట పాపము కాదు. స్తుతి కీర్తనలను ఇచ్చిన దేవుడే మొర కీర్తనలను కూడ సంఘమునకు ఇచ్చెను.

2. పగ దేవునిది. 137వ కీర్తన కన్నీటితో మొదలై భయంకరమైన కోరికతో ముగియుచున్నది. అయితే చెరలోనున్నవారు ఆ కోపమును దేవుని యెదుట కుమ్మరించిరి. 2019 నవంబరులో సైబరాబాదు పోలీసు పరిధిలోని శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలు చెరచబడి చంపబడెను. డిసెంబరు 6న నిందితులు నలుగురు తీర్పు లేకయే పోలీసు కాల్పులలో చనిపోగా, జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఆ కాల్పులు చంపు ఉద్దేశముతోనే జరిగినవని సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘము 2022లో తెలిపెను. న్యాయమునకై పుట్టిన దుఃఖము రక్తము చూచి తృప్తిపడెను. ఇది మనకు హెచ్చరిక.

3. పాడువాని మార్గము మారవచ్చును. గద్దరు పాట ఒకప్పుడు తుపాకిని సమర్థించెను. 1997 ఏప్రిల్ 6న ఆయనమీదనే తూటాలు పేలెను. 2018లో ఆయన మొదటిసారి ఓటు వేసెను. 2023లో, చుండూరు దినమైన ఆగస్టు 6ననే, కన్నుమూసెను.

కావున పరీక్షించుడి. పాట చచ్చినవానిని జ్ఞాపకము చేసి న్యాయమడిగినయెడల పాడుడి. మరియొకని రక్తమడిగినయెడల నోరు మూసికొనుడి. పాడి ఊరకుండకుడి. మీ ఊరిలో దెబ్బతిన్న కుటుంబముతోకూడ పోలీసు స్టేషనుకును, కోర్టుకును నడువుడి. ప్రార్థన కూటములో 10వ కీర్తన చదివి, వారి పేరులు దేవునికి చెప్పుడి.

మొర వినిన ప్రభువు మనకు ధైర్యమును, పగలేని హృదయమును అనుగ్రహించునుగాక. ఆమేన్.