గ్రామమునందలి కుక్కల సంతతి: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

గ్రామమున కుక్కలు పెరిగిపోయినవను ఫిర్యాదు పంచాయతీ సమావేశములకు తరచుగా వచ్చుచుండును. బడిపిల్లను కరచినదనియో, మేకపిల్లను చంపినదనియో వార్త వచ్చిననాడు సభ్యులు వెంటనే ఏదో యొకటి చేయవలెనని తొందరపడుదురు. దానికి ముందు ఆ జంతువు సంతతి ఎట్లు పెరుగునో తెలిసికొనుట మేలని మేము తలచుచున్నాము.

ఆడకుక్క సాధారణముగా ఆరు నెలలకును సంవత్సరమునకును నడుమ మొదటిసారి ఎదకు వచ్చును. పెంపుడు కుక్కలు ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వచ్చును. మన వీధికుక్కలలో పెక్కు మాత్రము వానకాలపు చివర జతకట్టి శీతకాలమున ఈనును. సంక్రాంతి వేళకు గడ్డివాముల చాటున కూనలు అంతగా కనిపించుటకు కారణమిదియే.

ఎద సుమారు మూడు వారములుండును. మొదటి తొమ్మిది పది దినములు నెత్తురు కనిపించును. అప్పుడు మగకుక్కలు వెంటబడినను ఆడది దరిచేరనీయదు. పిదప స్రావము పలచబడి రంగు తగ్గినప్పుడు జతకు ఒప్పుకొనును. నెత్తురు తగ్గినది గదా యని గొలుసు విప్పు యజమానులు సరిగా చూలు నిలుచు దినములలోనే విప్పుచున్నారు! మూడు వారములును ఇంట కట్టియుంచుటయే క్షేమము. ఒకే ఈతలో వేర్వేరు మగకుక్కలకు పుట్టిన కూనలుండుటయు కలదు.

జతకట్టిన కుక్కలు పది నిమిషములు మొదలు అరగంట వరకు విడిపోజాలక నిలుచును. ఇది ప్రకృతి సహజము. పిల్లలు రాళ్లు రువ్వి, కఱ్ఱలతో కొట్టి విడదీయబోవుట వలన రెండింటికిని గాయములగును. బెదరిన కుక్క కరచును గూడ.

చూలు సుమారు 63 దినములు. ఈతకు నాలుగు మొదలు ఆరు కూనలు మామూలు. కూనలు పది పదునాలుగు దినములకు కన్నులు తెరచును. ఒక తల్లికి పుట్టిన వానిలో రెండు ఆడకూనలు బ్రతికినను, మరుసటి ఏటికి ఒక తల్లికి బదులు ముగ్గురు తల్లులుందురు.

విషము పెట్టించుట నేరము. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు శిక్ష కలదు. ప్రయోజనమును లేదు, తిండి దొరకు చోటు ఖాళీ యైనచో ప్రక్క ఊరి కుక్కలు వచ్చి చేరును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీధికుక్కలకు శస్త్రచికిత్సయు, పిచ్చికుక్క రోగపు టీకాయు చేయించి, పట్టిన చోటనే విడువవలెను. బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండుల వంటి ఆవరణల విషయమున సుప్రీంకోర్టు 2025 నవంబరులో వేరు ఉత్తరువు చేసినది. అచ్చట పట్టిన వానిని తిరిగి అచ్చటనే విడువరాదు. ఈ పనిని జంతు సంక్షేమ మండలి గుర్తింపు పొందిన సంస్థచేతనే చేయింపవలెను.

శస్త్రచికిత్సలు వానకాలము ముగియకముందే జరుగుట మంచిది. ఆడవానికి మొదటి స్థానమీయవలెను. పది మగకుక్కలలో తొమ్మిదింటికి చేయించినను, మిగిలిన ఒక్కటి ఊరి ఆడకుక్కలన్నింటిని చూలుపరచగలదు. ఒకసారి ఈనినగాని ఆరోగ్యముండదను నమ్మకము సరికాదు. ఎద రాకుండ సూదిమందు వేయించుట కొందరు సులభమనుకొందురు గాని, దానివలన గర్భసంచిలో చీముపట్టి కుక్క చనిపోవచ్చును.

పెంపుడు కుక్కకు టీకాలు, శస్త్రచికిత్స చేయించు బాధ్యత యజమానిదే. మగకూనలను పంచిపెట్టి, ఆడకూనలను ఊరిచివర వదలు అలవాటు పల్లెలలో ఇంకను పోలేదు. వీధికుక్కల మందకు ఇదియొక మూలము. వ్యాపారమునకై కుక్కలను ఈనించువారికి 2017లో వేరు నియమములు వచ్చినవి. వారు రిజిస్టరు చేయించుకొనవలెను, ఎనిమిది వారములు నిండని కూనలను అమ్మరాదు. అమ్మకమునకు కాకున్నను, పూర్తిగా ఎదగని కుక్కను, ఏటేట ఈని బక్కచిక్కినదానిని జతకు విడుచుట తగదని మా యభిప్రాయము. తల్లి, కొడుకులను గాని, ఒకే ఈత కూనలను గాని జతపరుపరాదు.

వార్డు సభ్యులు తమ వార్డులోని పెంపుడు, వీధి ఆడకుక్కలను లెక్కించి, పశువైద్యునితో కూర్చుండి, చికిత్సల తేదీలను ఎండకాలముననే నిశ్చయించుకొనవలెను. కోడిమాంసపు దుకాణముల వ్యర్థములను, విందుల ఎంగిలి విస్తళ్లను బడి ప్రక్కన పోయనీయక గోతిలో పూడ్పించు పని మాత్రము ఈ వారముననే మొదలిడవచ్చును.