బర్రె – బోదురు కప్ప: తోలు తేడా

బర్రె క్షీరదం, బోదురు కప్ప ఉభయచరం. పరీక్షలో భేదాలు రాయమంటే పేజీ నడుమ గీత గీసి, గుండె గదులు నాలుగు, మూడు అని మొదలుపెడతాం. మార్కులు వస్తాయి. కానీ మన మార్కాపురం, గిద్దలూరు మెట్ట ఊళ్లలో ఈ రెండింటినీ కలిపి చూడవలసిన చోటు ఊరి కుంట. నీళ్లు రెండింటికీ కావాలి, కారణాలే వేరు. ఆ కారణం తోలులో ఉంది.

బర్రె ఉష్ణరక్త జీవి. ఎండ ఎంత కాసినా ఒంటి వేడి సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి. నల్లతోలు ఎండను పట్టేస్తుంది. చెమటతో చల్లబడదామా అంటే స్వేద గ్రంథులు ఆవుకున్నవాటిలో దాదాపు పదో వంతే. అందుకే బురదలో పొర్లుతుంది. ఒంటికంటిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, బురద పొర ఈగలను ఆపుతుంది. చలనం లేనివాణ్ణి 'దున్నపోతు మీద వాన కురిసినట్టు' అని తిడతాం గాని, ఆ వాన దున్నపోతుకెంత సుఖమో ఎవరాలోచించారు!

కప్ప సంగతి వేరు. అది నోటితో నీళ్లు తాగదు, పొట్టకింది తోలుతో పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులున్నా, ప్రాణవాయువులో కొంత తడితోలు గుండానే రావాలి. తోలు ఎండితే ప్రాణానికే ముప్పు. అయితే ఒంటి వేడిని నిలుపుకునే ఖర్చు దానికి లేదు. కనుక ఎండాకాలంలో మన్నులో దూరి, జీవక్రియ తగ్గించుకుని, నిలవ కొవ్వుతో గడుపుతుంది. దీన్నే గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. బర్రెకా వెసులుబాటు లేదు. కరువొచ్చినా రోజూ మేత, కుడితి కావాలి. చొప్పవాము అయిపోతే రైతు దాన్ని సంతకు తోలాల్సిందే.

తొలి వానకు బోదురు మగకప్పలు పసుపుపచ్చగా మారి, గొంతు కింద నీలి తిత్తులు ఉబ్బించి అరుస్తాయి. ఆడకప్ప వేలకొద్దీ గుడ్లు పెట్టిపోతుంది. బర్రె పది నెలలు మోసి ఒక్క దూడను ఈని పాలిస్తుంది. ఇక్కడొక చిత్రం: నీళ్లలో ఉన్నంతకాలం తోకకప్ప అమోనియాను విసర్జిస్తుంది. కాళ్లొచ్చి గట్టెక్కాక, నీటి పొదుపు కోసం బర్రెలాగే యూరియాకు మారుతుంది. భేదాల పట్టికలో దీనికి గడే లేదు.

కప్పకాళ్ల ఎగుమతిని మనదేశం 1987లో నిషేధించింది. మంచిదే. గుండ్లకమ్మపై విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ వారసత్వ గుర్తింపు వచ్చింది. అదీ సంతోషమే. పేరులేని చిన్న కుంటల మాటేమిటి? వానల కోసం రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడినవాళ్లమే, కుంట పూడ్చి చదును చేస్తున్నాం. బర్రెనైతే బోరు దగ్గర పైపుతో తడుపుకుంటాం. కప్ప తోలు నీటితోపాటు పొలంలో కొట్టిన పురుగుమందునూ పీల్చుకుంటుంది. కుంట లేక రోడ్డు పక్క గుంటలో గుడ్లు పెడితే, రెండు వానల మధ్య ఎండ ముదిరిందా, తోకకప్పలకు కాళ్లు రాకముందే ఆ గుంట ఇంకిపోతుంది.