జిజ్ఞాస – గాయపడిన మనస్సు

జిజ్ఞాస అంటే తెలుసుకోవాలనే కోరిక. 'జ్ఞా' అనే సంస్కృత ధాతువుకు ఇచ్ఛార్థం చేరగా ఏర్పడిన పదమిది. ఉర్దూలో 'జుస్తజూ' అంటారు. అందులో వెదకులాట ధ్వనిస్తుంది. మన వాడుకలోని 'కుతూహలం' అనే మాటలో కొంత వేడుక కూడా కలిసి ఉంటుంది. తెలుగు, ఉర్దూ, తమిళ, కన్నడ భాషలు ఒకే బజారులో వినిపించే కుప్పం వంటి ఊళ్లో చదువుకొనేవారికి ఒక భావాన్ని ఇన్ని వైపుల నుండి చూచే అవకాశం సహజంగానే లభిస్తుంది. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన ప్రశ్న ఒకటే. జిజ్ఞాస పరీక్షలకూ ప్రయోగశాలలకూ మాత్రమే పరిమితమా? లేక దుఃఖంతో గాయపడిన మనిషికి కూడా అది ఏమైనా మేలు చేయగలదా?

ఇందుకు ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. కుప్పం నుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా పోతే మదనపల్లె వస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో ఆ ఊళ్లో జన్మించారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బాలుడు తరచు మలేరియాతో మంచం పట్టేవాడు. చదువు అబ్బలేదు, ఉపాధ్యాయులు మందమతి అనుకొన్నారు. 1905లో తల్లి సంజీవమ్మ మరణించింది. అయితే ఆ బాలుని గురించి ఆయన జీవితచరిత్రలో ఒక ముచ్చట కలదు. ఒకనాడు తండ్రి ఇంట లేని సమయంలో గడియారాన్ని విప్పి ముక్కలు చేశాడట. మళ్లీ బిగించేదాకా బడికి పోలేదు, అన్నమూ ముట్టలేదు. (మార్కులు రాని విద్యార్థులందరూ కృష్ణమూర్తులు కారని ఇక్కడే మనవి చేస్తున్నాము. లేకుంటే ఈ పేజీని ఇంట్లో చూపించి తప్పించుకొనేవారు కొందరుంటారు!)

1909లో మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారి దృష్టి ఆయనపై పడింది. ఈ బాలుడే భావి జగద్గురువని వారు విశ్వసించారు. 1911లో ఆయన అధిపతిగా ఒక సంఘం వెలసింది. అదే సంవత్సరం అనీబిసెంటు కృష్ణమూర్తినీ, తమ్ముడు నిత్యానందనూ ఇంగ్లండుకు తీసికొని వెళ్లారు. తల్లి లేని ఆ పిల్లలకు పరదేశంలో ఒకరికొకరే దిక్కు. కొన్నేళ్లకు తమ్మునికి క్షయ సోకింది. 1925లో నిత్యానందను కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఉంచి కృష్ణమూర్తి భారతదేశానికి బయలుదేరవలసి వచ్చింది. తమ్ముడు బ్రతుకుతాడని ఆయనకు గట్టి నమ్మకం. సమాజం కొలిచే మహాత్ములే ఆ అభయమిచ్చారని భావించారు. నవంబరు 13న నిత్యానంద కన్నుమూశారు. ఓడ సూయజ్ ప్రాంతంలో ఉండగా ఆ వార్త తంతి ద్వారా అందింది.

ఓడలో అదే గదిలో ప్రయాణించిన బి. శివరావు తరువాత కాలంలో ఆ రోజులను వివరించారు. రాత్రులలో కృష్ణమూర్తి తమ్ముణ్ణి పిలుస్తూ విలపించేవారట. ఒక్కొక్కప్పుడు ఆ పలవరింత తెలుగులో సాగేదట. మెలకువలో ఆయనకు తెలుగు మాట్లాడడం అప్పటికే రాదు! మరచిపోయిన మాతృభాష దుఃఖంలో పైకి వచ్చింది. మనిషిలో తనకే తెలియని గదులు ఎన్ని ఉంటాయో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం మాకు కనబడలేదు.

ఓడ కొలంబో చేరేసరికి ఆయన ముఖం ప్రశాంతంగా ఉన్నదట. తమ్ముడూ తానూ ఒకటైపోయామనే భావంతో ఆయన అప్పుడు కొన్ని మాటలు వ్రాశారు. అది ఓదార్పే గాని ఇంకా విచారణ కాదని మా అభిప్రాయం. అసలు పని తరువాతి నాలుగేండ్లలో జరిగింది. ఒక అభయం వమ్మయినప్పుడు మరొక అభయాన్ని వెదకుకోవడం లోకసహజం. ఆయన అట్లా చేయక, అభయమిచ్చే వ్యవస్థనే విప్పి చూడసాగారు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో వేలాది అనుచరుల ఎదుట తన సంఘాన్ని తానే రద్దు చేశారు. కానుకగా వచ్చిన కోటను, భూములలో చాలా భాగాన్ని తిరిగి ఇప్పించారు. తాను ఎవరో ఇతరులు నిర్ణయించిన మనిషి, ముప్పయి నాలుగవ ఏట ఆ నిర్ణయాన్ని కాదన్నాడు. గాయం మానే క్రమంలో ఆసరాలు కూడా ఊడిపోయాయన్న సంగతిని మనం దాచకూడదు.

ఇక్కడ ఒక భేదం గమనింపదగినది. 'నాకే ఎందుకిట్లా జరిగింది?' అన్నది పైకి ప్రశ్న, లోన ఫిర్యాదు. దానికి జవాబు దొరకదు. అడిగినకొద్దీ పుండు రేగుతుంది. 'నాలో జరుగుతున్న దేమిటి?' అన్నది నిజమైన ప్రశ్న. పోయినవారి కోసమే ఏడుస్తున్నామా, ఒంటరియైన మన కోసమా అని కృష్ణమూర్తి తరువాతి ఉపన్యాసాలలో శ్రోతలను పదే పదే అడిగేవారు. కఠినమైన ప్రశ్నే. కాని దానిని ఎదుర్కొన్నవానికి 'దుఃఖం' అనే ముద్దలో భయం ఎంత, అలవాటు ఎంత, ప్రేమ ఎంత అన్నది విడివిడిగా కనబడసాగుతుంది. ఇంటికి దూరంగా హాస్టలు గదిలో తండ్రి మరణవార్త విన్న విద్యార్థికి ధైర్యం చెప్పేవారు పదిమంది ఉంటారు. ఈ ప్రశ్నను మాత్రం అతడు తానే అడుగుకోవాలి, అదీ ఏడుపు తీరిన తరువాతనే.

ఇస్లామీయ చరిత్రలో ఇమామ్ గజాలీ అనుభవం దీనికి సమీపమైనది. సత్యాన్ని తెలుసుకోవాలనే దాహం చిన్ననాటి నుండి తన స్వభావమని ఆయన వ్రాసుకొన్నారు. 1095లో బాగ్దాదు నిజామియా మదరసాలో ప్రసిద్ధ ఆచార్యులుగా ఉండగానే ఆయనకు మాట పడిపోయింది, మెతుకు దిగలేదు. వ్యాధి హృదయానిదని వైద్యులు చేతులెత్తేశారు. ఆయన పదవిని వదలి డమాస్కస్, జెరూసలేములకు తరలిపోయారు. తిరిగి 1106లో నిషాపూరులో బోధన చేపట్టారు. దైవానుగ్రహమే తనను నిలిపిందని గజాలీ చెప్పుకొన్నారు. కృష్ణమూర్తి ఏ ఆలంబనమూ ఒప్పుకోలేదు. దారులు వేరైనా ఇద్దరూ తమ వ్యాధి నుండి ముఖం తిప్పుకోలేదు.

అయితే జిజ్ఞాస శరీరవ్యాధికి మందు కాదు. అన్నగారు పుట్టిన మదనపల్లెకు సమీపాన ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం 1915లోనే ప్రారంభమైనా, ఆ రోజులలో విశ్రాంతి, మంచి గాలి, పోషకాహారాలే చికిత్సలో ప్రధానం. మట్టిలోని సూక్ష్మజీవులను పరిశీలించిన వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1943లో స్ట్రెప్టోమైసిన్ బయటపడింది. అదీ జిజ్ఞాస ఫలమే, నిత్యానందకు మాత్రం పద్ధెనిమిదేండ్లు ఆలస్యమైంది. కనుక జబ్బు చేసినవారు ముందుగా వైద్యుని వద్దకే పోవాలి; మనోవ్యాధికి సైతం ఇదే మాట.

మదనపల్లెకు చేరువలోని రిషివ్యాలీ పాఠశాలకు కృష్ణమూర్తి జీవితాంతం వస్తూ, పిల్లలతో కూర్చొని భయం గురించి, పోలిక గురించి, అసూయ గురించి వారినే ప్రశ్నలు అడిగేవారు. 1985 చివర ఆఖరుసారి వచ్చినప్పుడు ఆయనకు తొంబై ఏండ్లు. శరీరం బాగా క్షీణించింది. అప్పుడూ ఉపాధ్యాయులతో, విద్యార్థులతో సంభాషణలు మానలేదు. 1986 ఫిబ్రవరి 17న, తమ్ముడు మరణించిన ఆ ఓహాయ్‌లోనే ఆయన కన్నుమూశారు.