షియర్‌వాల్ బ్లాకులా, పెంచుకునే ఇళ్లా?

ప్రశ్న: మా రైస్‌మిల్లు హమాలీల సొసైటీ స్థలంలో ఇళ్లకు రెండు డిజైన్లు వచ్చాయి. ఒకటి షియర్‌వాల్‌తో మూడంతస్తుల బ్లాకులు. రెండోది వరుస ఇళ్లు, తర్వాత పైకి పెంచుకోవచ్చట. ఏది ఎంచుకోవాలి?
– ఒక సభ్యుడు, మిర్యాలగూడ

జవాబు: ఖర్చు కన్నా ముందు గోడ సంగతి చూడండి. షియర్‌వాల్‌లో అచ్చులు బిగించి గోడలు, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటుతో పోస్తారు. పని చకచకా సాగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టిడ్కో ఇళ్లు అలాగే కట్టారు. కానీ బరువు మోసేది ఆ గోడే. రేపు కిటికీ పెద్దది చేద్దామన్నా, మధ్యగోడ తీసేద్దామన్నా కుదరదు. పైగా మే నెలలో పడమటి ఎండ తగిలిన పలుచని కాంక్రీటు గోడ పొద్దుపోయాక కూడా సెగ కక్కుతుంది. మిల్లులో మూటలు మోసి వచ్చిన మనిషికి రాత్రి నిద్ర పట్టాలి కదా!

పెంచుకునే ఇళ్లకు ఉదాహరణగా ఇండోర్‌లో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషీ రూపొందించిన అరణ్య కాలనీని చూడండి. పునాది, మరుగుదొడ్డి, కొందరికి ఒక గది కట్టి ఇచ్చారు. మిగతాది డబ్బు కూడినకొద్దీ కుటుంబాలే కట్టుకున్నాయి. 1995లో దానికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది.

స్థలం సరిపోతే నా ఓటు వరుస ఇళ్లకే. అయితే పై అంతస్తు బరువుకు తగ్గ పునాది, మెట్లకు చోటు ఇప్పుడే ప్లానులో ఉండాలి. నల్లరేగడి నేలైతే మట్టి పరీక్ష లేకుండా సంతకం పెట్టొద్దు. స్థలం చాలక బ్లాకులే కట్టాల్సివస్తే పడమటి కిటికీలకు సజ్జాలు, పైస్లాబుకు కూల్‌రూఫ్ పూత ఒప్పందంలో రాయించండి. కరెంటు, నీళ్ల పైపుల డ్రాయింగు కాంక్రీటు పోయకముందే ఖాయం చేయించండి.