బేరంలో న్యాయం

బడిలో మనం పిల్లలకు కొన్నవెల, అమ్మినవెల, లాభశాతం నేర్పుతాం. లెక్క సరిపోతే మార్కులు వేస్తాం. ఆ లాభం ఎలా వచ్చిందని లెక్కల పుస్తకం అడగదు. ధర్మం అడుగుతుంది.

మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ధరలు నిర్ణయించమని సహచరులు దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన ఒప్పుకోలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలో ఉన్నాయని, ఎవరి ప్రాణానికీ ధనానికీ అన్యాయం చేశానన్న ఫిర్యాదు లేకుండా తన ప్రభువును కలుసుకోవాలనుకుంటున్నానని చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది.

అలాగని వ్యాపారి ఎంతైనా గుంజవచ్చని కాదు. ధరను కట్టడి చేయని ప్రవక్త (స) ధరను చెడగొట్టే పనులను మాత్రం నిషేధించారు. జనానికి అవసరమైన సరుకును ధర పెరిగేదాకా దాచిపెట్టకూడదు. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచకూడదు. సరుకులోని లోపాన్ని కప్పిపుచ్చకూడదు. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూసి, లోపల తడి తగిలితే, ఆ తడిసిన గింజలను అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన వ్యాపారిని నిలదీశారు.

మరో నిషేధాన్ని మనం ప్రత్యేకంగా గమనించాలి. సరుకుతో వచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురువెళ్ళి, బజారు ధర వారికి తెలియకముందే కొనేయకూడదు. అలా కొన్నా, బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అమ్మినవారికి ఉంటుంది. అంటే ఎదుటివారి తెలియనితనం మన లాభానికి పెట్టుబడి కాకూడదు.

ఈ మాట మన పల్లెలకు కొత్త కాదు. యార్డు ధర తెలియని మిర్చి రైతు దగ్గర కళ్ళంలోనే సరుకు కొనేయడం ఇలాంటిదే. ఇప్పుడు ఫోనులో ధర తెలుస్తుంది. కానీ అప్పిచ్చినవాడే కొనుగోలుదారు అయినప్పుడు, ధర తెలిసినా రైతు నోరెత్తలేడు. అక్కడ అతని తెలియనితనం కాదు, అవసరమే దోపిడీకి గురవుతుంది. 1328లో మరణించిన ఇబ్నె తైమియా దీని గురించి ఆలోచించారు. జనానికి తప్పనిసరైన సరుకును బిగబట్టి, న్యాయమైన వెలకు అమ్మనంటే, ఆ వెలకే అమ్మేలా పాలకుడు నిర్బంధించవచ్చని ఆయన అభిప్రాయం.

న్యాయం అమ్మేవారికే కాదు, కొనేవారికీ వర్తిస్తుంది. తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఖురాన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తుంది. పెద్ద దుకాణంలో అడిగినంత ఇచ్చి, పొద్దుగూకే వేళ ఆకుకూరల అమ్మ దగ్గర రెండు రూపాయల కోసం పంతం పట్టే మనకూ ఆ హెచ్చరిక తగులుతుంది.

కాబట్టి బేరం ముగించేముందు మనల్ని మనం రెండు ప్రశ్నలు వేసుకుందాం. నాకు తెలిసింది ఎదుటివారికీ తెలిస్తే ఈ ధరకు ఒప్పుకుంటారా? వారి స్థానంలో నేనుంటే దీన్ని న్యాయమంటానా? సమాధానం చెప్పడానికి మనసు తడబడితే, ధర మార్చుకోవడానికి ఇంకా సమయం ఉన్నట్టే.

అల్లాహ్ మన సంపాదనను ధర్మసమ్మతం చేసి, అందులో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.