కోబాల్టు మిశ్రలోహపు కత్తులు: సానపట్టు విధము

కత్తికి పదును తగ్గినచో కమ్మరి కొలిమికి పంపుట రైతులకు వాడుక. ఉక్కుకత్తికి ఇది తగును. కోబాల్టు, క్రోమియము కలిపిన కత్తికి తగదు. అమెరికాదేశమున ఎల్వుడ్ హేన్స్ 1907లో పేటెంటు పొందిన ఈ జాతి మిశ్రలోహమునకు స్టెల్లైటు అని పేరు.

ఉక్కును ఎర్రగా కాల్చి నీట ముంచిన గట్టిపడును. స్టెల్లైటు గట్టితనమో, పోతపోసినపుడే అందేర్పడు కార్బైడు రేణువుల వలన కలుగును. కావున దానిని కాల్చి ముంచినను లాభము లేదు. సమ్మెట దెబ్బకు పగులవచ్చును. విలువగల కత్తి వ్యర్థమగును.

మామూలు ఇసుకరాయి దీనిపై మిక్కిలి మెల్లగా పనిచేయును. కార్బొరండపు రాయి గాని, వజ్రపుపొడి పొదిగిన పలక గాని మేలు. రాతిని నీట తడిపి, అంగుళము వెడల్పుగల అలుగునకు వీపును అంగుళములో మూడవవంతు ఎత్తి పట్టి, రెండు ప్రక్కలను సమముగా నూరవలెను. మొదట గరుకురాయి, పిదప నున్ననిరాయి వాడవలెను. అంచున లేచిన సన్నని పొర పోవువరకు తేలికచేతితో నూరవలెను.

నిమ్మ, మామిడి పులుసునకు ఈ కత్తి త్రుప్పు పట్టదు. పదును చిరకాలము నిలుచును. ఐనను వాదర పెళుసగుటచే ఎముకలు, ఎండుకొమ్మలు నరుకుటకు దీనిని వాడరాదు. పని తీరగనే కడిగి, తుడిచి, ఒరలో నుంచవలెను. ఉక్కు కొడవండ్లను మాత్రము పూర్వమువలెనే కమ్మరిచేత బాగుచేయించుకొనవచ్చును.