ఆకుపచ్చ తెర ముందు వీడియో: నాలుగు మెలకువలు



కాన్‌బెర్రాలోని హారిసన్‌లో, ఇంటి గదిలోనే పాట చిత్రీకరించి, వెనుక గోదావరి తీరం చూపాలనుకున్నారనుకోండి. ఆకుపచ్చ తెర ముందు చిత్రీకరించి, ఆ రంగును సాఫ్ట్‌వేర్‌తో తొలగించడాన్ని కీయింగ్ అంటారు. ఆ ఖాళీలో వేరే దృశ్యాన్ని కలపడం కంపోజిటింగ్. అంచులు చెదిరితే, ఊళ్లో చూసే అమ్మానాన్నల దృష్టి పాట మీద నిలవదు. అందుకే ఈ నాలుగు సంగతులు గమనించండి.

1. రంగు: మన చర్మం ఏ ఛాయదైనా ఆకుపచ్చకు దూరంగానే ఉంటుంది. పైగా మామూలు డిజిటల్ కెమెరా సెన్సార్‌లో ఆకుపచ్చను పట్టే గడులు ఎరుపు గడులకు రెట్టింపు. నీలం గడులకూ రెట్టింపే. కాబట్టి ఆ రంగు శుభ్రంగా నమోదవుతుంది. అయితే చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంటే, చీర ఉన్నచోట కూడా గోదావరే కనబడుతుంది! చీర మార్చడం కుదరకపోతే నీలి తెర వాడండి. 1959లో వచ్చిన ‘బెన్‌హర్’ చిత్రం కోసం పెట్రో వ్లాహోస్ రూపొందించిన పద్ధతి నీలి తెరదే.

2. వెలుగు: తెరపై ముడతలు, నీడలు ఉండకూడదు. నీడ పడినచోటు సాఫ్ట్‌వేర్‌కు వేరే రంగుగా తోస్తుంది. ఆస్ట్రేలియాలో ఎండ ఉత్తరపు కిటికీ నుండి వస్తూ, గంటగంటకూ మారుతుంది. పరదా వేసి, తెరకు ఇరువైపులా ఒక్కో లైటు, మనిషికి వేరే లైటు పెట్టండి.

3. దూరం: మనిషి తెరకు 2 మీటర్లయినా ముందు నిలబడాలి. దగ్గరైతే తెర మీది ఆకుపచ్చ వెలుగు జుట్టుపై, భుజాలపై పడుతుంది. దీన్నే స్పిల్ అంటారు.

4. కలపడం: ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియోలో క్రోమా కీ ఫిల్టర్ తీసుకోండి. తెర మాయమయ్యే వరకే సిమిలారిటీ పెంచండి. ఇంకా పెంచితే జుట్టు కూడా పోతుంది. తర్వాత స్మూత్‌నెస్‌తో అంచులు సరిచేసి, చివరగా స్పిల్ తగ్గించండి. గోదావరి ఫొటోలో ఎండ ఎడమ నుండి పడుతుంటే, గదిలో మనిషి మీది లైటు కూడా ఎడమ నుండే రావాలి. ఈ పొందిక లేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా మనిషిని అతికించినట్టే చూపుతుంది.

అసలు పాటకు ముందు చేతులు ఊపుతూ 10 సెకన్లు తీసి, టీవీలో చూసుకోండి. లోపం ఉంటే ముందు లైట్లు సరిచేయండి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్.

చివరిగా ఒక మాట. వెనుక గోదావరి అలంకారమే. మనం ఆ ఒడ్డున నిలబడి పాడామని ఎవరూ పొరబడకూడదు. వీడియో కింద “హారిసన్‌లో చిత్రీకరించినది” అని రాయండి. నిజం చెప్పినంత మాత్రాన పాట అందం తగ్గదు.